నుంగంబాకంలో గాలి కొలత

గాలి ఏ రెండు క్షణాలూ ఒకే వేగంతో వీచదు. పెరుగుతుంది, తగ్గుతుంది, ఉన్నట్టుండి విసురుగా కొట్టి సద్దుమణుగుతుంది. అందుకే గాలి వేగమంటూ చెప్పే ప్రతి అంకె వెనకా ఒక వ్యవధి ఉండి తీరాలి. ఎంతసేపు వీచిన గాలికి సగటు కట్టారో తెలియకపోతే ఆ అంకెకు అర్థం లేదు. చెన్నై నుంగంబాకంలో కాలేజీ రోడ్డులోని ప్రాంతీయ వాతావరణ కేంద్రానికి వెళ్లిన సందర్శకుడికి ముందుగా ఒంటబట్టవలసిన సంగతి ఇదే.

ఈస్టిండియా కంపెనీ 1792లో మద్రాసు అబ్జర్వేటరీని కట్టించింది ఈ ఆవరణలోనే. నక్షత్రాల గమనాన్ని చూసే పరికరాన్ని మోసిన రాతి స్తంభం నేటికీ అక్కడ నిలిచి ఉంది. నిర్మాత మైకేల్ టాపింగ్ పేరుతో పాటు దాని మీద తమిళంలో, తెలుగులో కూడా శాసనం చెక్కారు. తెలుగు చదవగలిగినవారు అక్కడ కాసేపు ఆగి చూడవలసిందే.

గాలిని కొలిచే పరికరం చూడ్డానికి చాలా సాదాగా ఉంటుంది. నిలువు ఇరుసు చుట్టూ మూడు అరగోళపు కప్పులు. బోలుగా ఉన్న వైపు గాలిని ఎక్కువగా పట్టుకుంటుంది, ఉబ్బిన వైపు జారవిడుస్తుంది. ఆ తేడా వల్లే కప్పులు తిరుగుతాయి. ఐర్లండుకు చెందిన రాబిన్సన్ 1846లో నాలుగు కప్పులతో దీన్ని వాడుకలోకి తెచ్చాడు. పక్కనే దిక్కు చూపే రెక్క ఉంటుంది. తూర్పుగాలి అంటే తూర్పు నుంచి వచ్చే గాలి అని తెలుగువారు అనుకునేదీ, శాస్త్రం చెప్పేదీ ఒకటే.

పరికరాన్ని నేలకు 10 మీటర్ల ఎత్తున, చుట్టూ అడ్డులేని చోట నిలపాలన్నది అంతర్జాతీయ నియమం. నేలకు దగ్గరగా చెట్లూ మేడలూ గాలిని మందగింపజేసి, సుళ్లు తిప్పుతాయి. ఇళ్ల నడుమ ఉన్న నుంగంబాకంలోనూ, విమానాశ్రయం ఉన్న మీనంబాకం మైదానంలోనూ ఒకే తుపాను వేర్వేరు అంకెలు చూపితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

విసురును పట్టుకోవడం ఇంతకంటే కష్టం. స్కాట్లండులో 1879 డిసెంబరు 28 రాత్రి పెనుగాలికి టే నది వంతెన కూలి, దాని మీది రైలు నీటిలో పడిపోయింది. గాలి తోపుడును సరిగ్గా కొలవాలన్న పట్టుదల ఇంగ్లండులో ఆ తర్వాతే బలపడింది. డబ్ల్యు.హెచ్. డైన్స్ 1890 దశకంలో రూపొందించిన పరికరంలో గొట్టం నోరు ఎప్పుడూ గాలికి ఎదురుగా తిరుగుతుంది. లోపలి ఒత్తిడి నీటిలో తేలే బుట్టను పైకి లేపుతుంది. దానికి తగిలించిన కలం, గడియారంతో తిరిగే కాగితం మీద గీత గీస్తుంది. భారత వాతావరణ కేంద్రాలు దీన్ని ఏళ్ల తరబడి వాడాయి. ఆ కాగితం చదవడం ఒక విద్య. గీత సన్నగా సాగితే గాలి నిలకడగా ఉందని, కుంచెతో పులిమినట్టు వెడల్పుగా ఉంటే విసురు మీద విసురు వస్తోందని అర్థం. వేసవి మధ్యాహ్నం చెన్నైలోకి సముద్రపు గాలి చొరబడిన నిమిషం కూడా అందులో తెలిసిపోతుంది: దిక్కును చూపే గీత ఒక్కసారిగా తూర్పుకో ఆగ్నేయానికో మళ్లుతుంది.

ఇప్పుడు విసురు అంటే మూడు సెకన్ల సగటులో అత్యధికం. నిలకడ గాలికి మాత్రం ప్రపంచమంతా ఒకే కొలత లేదు. భారత వాతావరణ శాఖ 3 నిమిషాల సగటు తీసుకుంటుంది, అమెరికా 1 నిమిషం, ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణం 10 నిమిషాలు. వ్యవధి తగ్గినకొద్దీ అంకె పెరుగుతుంది. ఒకే తుపానుకు విదేశీ వార్తల్లో పెద్ద అంకె కనిపించడానికి ఒక కారణం ఇది. ఎవరూ అబద్ధమాడటం లేదు.

ఈదురుగాలి వేరు. వేగం హఠాత్తుగా కనీసం 16 నాట్లు పెరిగి, 22 నాట్లకు చేరి, ఒక నిమిషమైనా నిలిస్తేనే శాస్త్రం దాన్ని ఆ కోవలో చేరుస్తుంది. నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. నిలకడ గాలి 34 నాట్లకు చేరితే తుపాను, 48కి చేరితే తీవ్ర తుపాను, 64కి చేరితే అతి తీవ్ర తుపాను.

పరికరం లేనివారికి 1805 నాటి బ్యూఫోర్ట్ కొలమానం ఉంది, 0 నుంచి 12 దాకా. ఆరో మెట్టులో తీగలు ఈలవేస్తాయి, గొడుగు పట్టుకోవడం కష్టమవుతుంది. ఎనిమిదిలో చిన్న కొమ్మలు విరుగుతాయి, ఎదురు నడవడం కష్టమవుతుంది.

ఇళ్లు కట్టేవారికి కావలసింది విసురే. వేగం రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లవుతుంది. గంటకు 90 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 38 కిలోల బరువుతో తోస్తే, 180 కిలోమీటర్ల గాలి 150 కిలోలకు పైగా తోస్తుంది. భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం చెన్నై, విశాఖపట్నం, విజయవాడలకు ఆధార వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే ఆ 180 కిలోమీటర్లే. హైదరాబాదుకు 44 మీటర్లు. గాలి తోపుడు చెట్లనూ వదలదు: వర్దా తుపాను 2016 డిసెంబరు 12న చెన్నై దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో వేల చెట్లు కూలాయి.

చెన్నై ఓడరేవు దగ్గరి డాప్లర్ రాడార్ తుపాను లోపలి గాలిని దూరం నుంచే చూస్తుంది. అయితే అది కొలిచేది తన వైపు వచ్చే, తన నుంచి పోయే వేగాన్నే. పైగా అర డిగ్రీ వాలుతో వెళ్లే కిరణం 100 కిలోమీటర్ల దూరానికి దాదాపు కిలోమీటరున్నర ఎత్తుకు చేరుతుంది. మనుషులు నడిచే చోట గాలి ఎంతో తేల్చడానికి 10 మీటర్ల స్తంభం మీది ఆ కప్పుల అవసరం తీరలేదు.