హోల్డ్ అంటే పట్టుకోవడమేనా?

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ఆశ్రమ పాఠశాలలో మనం నేర్చుకున్నది ఒక్కటే: హోల్డ్ అంటే పట్టుకొను. అక్కడితో సరి. ఊరు దాటి కాలేజీకి వచ్చాకే నాకు ఆ చిన్న మాటకి ఎన్ని అర్థాలున్నాయో తెలిసింది. బండి మీద "హోల్డ్ టైట్" అంటే గట్టిగా పట్టుకో అని. ఫోన్లో "ప్లీజ్ హోల్డ్" అంటే మాత్రం ఏదీ పట్టుకోనక్కర్లేదు, లైన్ కట్ చెయ్యకుండా ఉంటే చాలు. మీటింగ్ హోల్డ్ చేశారంటే జరిపారని. మీటింగ్ హోల్డ్‌లో పెట్టారంటే జరపలేదని! కోర్టు ఫలానా విధంగా హెల్డ్ అని రాస్తే, అలా తేల్చి చెప్పిందని.

డిగ్రీ రెండో ఏడాది నా స్కాలర్‌షిప్ స్టేటస్‌లో "ఆన్ హోల్డ్" అని కనిపించింది. నాయనకి ఫోన్ చేసి చెప్తే, "పట్టుకున్నారా? ఎవరు పట్టుకున్నారు?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, ఆయన అడిగిందే సరైన ప్రశ్న. డబ్బు ఆగిందంటే ఫైలు ఎక్కడో ఒకచోట ఆగినట్టే కదా. ఎవరి దగ్గర, ఎందుకు ఆగిందో రాసి ఇవ్వమని దరఖాస్తు పెట్టాను. కుల ధ్రువపత్రంలో మా ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఎక్కించారని తేలింది. సరిచేయించాక డబ్బులు పడ్డాయి.

మనకి అన్నిటికన్నా ముఖ్యమైన హోల్డ్ ఇంకోటి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(1)(ఎ) ఇంగ్లీషులో చూడండి. హక్కుల జాబితాలో మొట్టమొదటిదే అటవీ భూమిని హోల్డ్ చేసుకుని, అక్కడ బతికే హక్కు. ఇక్కడ హోల్డ్ అంటే మన చేతిలో ఉంచుకుని ఇల్లు కట్టుకోవడం, సాగు చేసుకోవడం. ఓన్ అనే మాట ఈ క్లాజులో లేదు. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల దగ్గర, 3(1)(సి)లో, ఓనర్‌షిప్ అని స్పష్టంగానే రాశారు. తేడా ఏంటంటే, సెక్షన్ 4(4) ప్రకారం ఆ భూమి పిల్లలకి వస్తుంది గానీ అమ్మడానికీ బదిలీ చెయ్యడానికీ కుదరదు. పెళ్లయినవాళ్లయితే హక్కు భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలి. పరిమితి 4 హెక్టార్లు, అంటే దాదాపు 10 ఎకరాలు. 2005 డిసెంబరు 13కి ముందే ఆ భూమి మన సాగులో ఉండాలి.

మా పోడు క్లెయిమ్ ఇప్పటికీ తేలలేదు. వెళ్లినప్పుడల్లా "హోల్డ్‌లో ఉంది" అంటారు. నాయన ఆ మాట విని, ఇంక భూమి పోయినట్టేనేమో అని బెంగపడ్డాడు. అప్పుడు సెక్షన్ 4(5) చదివి వినిపించాను: పరిశీలన ప్రక్రియ పూర్తయ్యేదాకా మనల్ని అక్కడినుంచి ఖాళీ చేయించకూడదు. కాగితం వాళ్ల హోల్డ్‌లో ఉన్నా, భూమి మన హోల్డ్‌లోనే ఉందన్నమాట. ఆ ఏడు కూడా కందులు వేశాడు.

2019 గుర్తుందా? ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, క్లెయిములు తిరస్కరించిన వాళ్లని ఖాళీ చేయించాలంది. దేశమంతా గోల అయింది. ఫిబ్రవరి 28న అదే కోర్టు ఆ ఆదేశాన్ని ఆపింది. ఆరోజు హోల్డ్‌లో పడింది మన కాగితం కాదు, మనల్ని వెళ్లగొట్టే కాగితం.

అందుకే ఒక్క మాట. సెలవులకి ఊరెళ్లినప్పుడు ఇంట్లో క్లెయిమ్ కాగితాలు తీసి చూడండి. "హోల్డ్" అని ఎవరన్నా చెప్తే ఎవరి దగ్గర, ఏ కారణంతో, ఎప్పటిదాకా అని రాతలో అడగండి. తిరస్కరించామంటే గడువు మర్చిపోవద్దు: గ్రామసభ తీర్మానం మీద 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి, ఆ కమిటీ నిర్ణయం మీద 60 రోజుల్లో జిల్లా కమిటీకి వెళ్లొచ్చు. చదువుకున్నది మనం, ఆ ఇంగ్లీషు ముక్క ఇంట్లోవాళ్లకి విడమర్చి చెప్పాల్సిందీ మనమే.