కట్టు పారబోయకండి

నేను సింకులో పారబోసింది పసుపు రంగు నీళ్లే. కానీ మా అమ్మ అరిచిన అరుపు నా ఆఫీస్ కాల్‌లో ఉన్న అందరికీ వినపడింది.

"ఏందిరా అది? కట్టు పారబోస్తన్నావా?"

పోయిన ఏడాది అమ్మ బాత్రూంలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు పిండికట్టు. నాన్నకి వంట రాదు. నేను హైదరాబాద్ నుంచి సత్తెనపల్లి వచ్చేసి వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకున్నా. వంట నాది, డైరెక్షన్ అమ్మది.

కందిపప్పు నీళ్లు ఎక్కువ పోసి ఉడికించి, కాసేపు కదపకుండా ఉంచితే పైన తేట తేరుతుంది. అదే కట్టు. అందులో కాస్త చింతపండు పులుసు, ఉప్పు, పసుపు, నలగ్గొట్టిన మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి వేసి మరగనిచ్చి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు పెడితే కట్టు చారు. కొత్తిమీర ఆకులు తుంచుకుని మనం పడేస్తామే, ఆ కాడలు మరిగేటప్పుడే వేయాలట. వాసనంతా వాటిలోనే ఉంది.

నేను హైదరాబాద్‌లో జ్వరమొస్తే యాప్‌లో సూప్ ఆర్డర్ పెట్టుకునేవాణ్ణి. వచ్చేసరికి చల్లారిపోయేది. ఈ చారు మొదటిసారి గ్లాసులో పోసుకుని తాగాక ఆ డబ్బులన్నీ గుర్తొచ్చాయి.

"ఉలవచారు ఎట్టా వచ్చిందనుకున్నావు?" అంది అమ్మ. అరకల కాలంలో ఎద్దుల కోసం ఉలవలు పెద్ద కుండలో గంటల తరబడి ఉడకబెట్టేవాళ్లు. గింజలు ఎద్దులకి, ఆ నీళ్లు మనుషులకి. ఆ నీళ్లనే చింతపండు వేసి చిక్కబడేదాకా మరిగిస్తే ఉలవచారు. ఇప్పుడు పెళ్లిళ్లలో మీగడతో వడ్డిస్తుంటే క్యూ కడుతున్నాం.

అప్పుడే నాకో సంగతి గుర్తొచ్చి అడిగా. "అమ్మా, నీకు పప్పు పడేది కాదు కదా?"

అది 2017. నేను ఇంజినీరింగ్ మూడో ఏడాది. మిర్చి ధర ఒక్కసారిగా పడిపోయింది. చివరికి కేంద్రం క్వింటా 5 వేల రూపాయలకి కొంటామని ప్రకటించాల్సి వచ్చింది. మాకు కోత కూలి కూడా గిట్టలేదు. పైగా నా హాస్టల్ ఫీజు. ఆ వేసవి సెలవుల్లో ఇంట్లో రోజూ ముద్దపప్పు, చారు. పప్పు నాకూ నాన్నకీ. అమ్మ మాత్రం అన్నంలో ఒట్టి చారు పోసుకుని, "నాకు పప్పు అరగట్లేదురా" అనేది. నేను నమ్మేశా.

"పడకేం?" అంది అమ్మ మామూలుగా. "గ్లాసుడు పప్పు రెండు పూటలు రావాలి కదా."

ఇంకేం మాట్లాడలేకపోయా. పొయ్యి మీద చారు పొంగిపోతోందని తనే గుర్తుచేసింది.

ఇప్పుడు హైదరాబాద్ రూమ్‌లో నేనూ ఏదీ ఊరికే పారేయను. నిన్నటి పప్పు గరిటెడు, మెత్తబడ్డ టమాటాలు రెండు ఉంటే చాలు, నీళ్లు పోసి మరిగిస్తే చారు. చికెన్ తెచ్చిన రోజు మెడ, ఎముకలు పక్కన పెట్టి అల్లం, మిరియాలు, ఉప్పు వేసి కుక్కర్లో అరగంట ఉడికించి వడగడితే సూప్. ఒక్కటే జాగ్రత్త. మిగిలింది ఏదైనా రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి, తినేముందు బాగా తెర్లనివ్వాలి. తేడా వాసనొస్తే మాత్రం పారబోయడమే.

మొన్న దసరాకి ఇంటికెళ్లినప్పుడు గరిటె నేను తీసుకున్నా. ముద్దపప్పు ముందు అమ్మ కంచంలో వేశా.

"నాకు చారు చాలురా," అంది.

"అరగట్లేదా?" అన్నా.

నవ్వి, నెయ్యి గిన్నె దగ్గరికి లాక్కుంది.