నాడి కొసన ఉన్న ద్వారం

నాడిని విద్యుత్తు పారే తీగతో పోల్చడం పరిపాటి. కాని ఆ తీగ కండరాన్ని తాకదు. రెండింటికీ నడుమ కంటికి కనిపించని సందు ఒకటి కలదు. విద్యుత్తు అక్కడితో ఆగిపోతుంది. ఆపైన వార్తను మోసేది రసాయనం.

1921లో ఆటో లోవి ఈ సత్యాన్ని రెండు కప్ప గుండెలతో నిరూపించాడు. ఒక గుండెకు చేరే వేగస్ నాడిని ప్రేరేపించగా ఆ గుండె మందగించింది. దానిని తడిపిన ద్రవాన్ని రెండవ గుండెకు అందించగా అదీ మందగించింది. ఆ ద్రవంలోని పదార్థం ఎసిటైల్‌కోలిన్ అని తరువాత తేలింది.

ఈ పదార్థం నాడి కొసన అతి సూక్ష్మమైన సంచులలో నిలువ ఉంటుంది. విశ్రాంతి సమయంలో నాడీకణం లోపలి వైపు, వెలుపలి కంటె సుమారు 70 మిల్లీవోల్టుల మేర ఋణావేశంతో ఉంటుంది. నాడీ ప్రేరణ రాగానే ఈ వోల్టేజి క్షణకాలం తారుమారవుతుంది. అంతట కణపు పొరలోని కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. కాల్షియం లోనికి ప్రవేశిస్తుంది. సంచులు పొరతో కలిసిపోయి తమలోని రసాయనాన్ని సందులోనికి వదులుతాయి. ఒక్కొక్క సంచి ఒక్కొక్క మోతాదు. ఈ మోతాదుల లెక్క తేల్చిన బెర్నార్డ్ కాట్జ్‌కు 1970లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమానం లభించింది.

విచిత్రమేమనగా, వదిలే కొసమీదనే ఆ రసాయనాన్ని గుర్తించే గ్రాహకాలు కూడ ఉన్నాయి. వెలుపల ఎసిటైల్‌కోలిన్ హెచ్చితే అవి విడుదలను తగ్గిస్తాయి. వీటిలో ఎం2 అనే గ్రాహకం స్వయంగా వోల్టేజిని పసిగడుతుందని 2006లో ప్రకటితమైన పరిశోధన చూపింది. విశ్రాంతిలో ఈ గ్రాహకం ఎసిటైల్‌కోలిన్‌ను గట్టిగా పట్టుకొని విడుదలకు అడ్డు నిలుస్తుందనీ, వోల్టేజి మారగానే ఆ పట్టు సడలుతుందనీ, కాల్షియంతో పాటు ఈ సడలింపు కూడ అవసరమనీ జెరూసలేం శాస్త్రజ్ఞులు హన్నా పార్నాస్, ఇత్జాక్ పార్నాస్‌ల వాదం. శాస్త్రలోకం అంతా దీనిని అంగీకరించలేదు. ఆజ్ఞ ఎంత ముఖ్యమో నిగ్రహమూ అంత ముఖ్యమన్న ఆలోచన మాత్రం మమ్మల్ని ఆకర్షించింది.

ఆ ద్వారం మూతపడితే ఏమవుతుందో గత వర్షాకాలంలో మేము కళ్లారా చూశాము. మా సహాధ్యాయి తమ్ముడు నేలపై నిద్రిస్తుండగా కట్లపాము కరిచింది. నొప్పి లేదు, వాపు లేదు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోయాయి. నిద్రమత్తని ఇంటివారు అనుకున్నారు. మధ్యాహ్నానికి మాట ముద్దయింది, ఊపిరి కుంటుపడింది.

కట్లపాము విషం ముఖ్యంగా నాడి కొసలనే పాడుచేస్తుంది. మెదడు ఆజ్ఞ పంపుతూనే ఉంటుంది. కాని వదలడానికి సంచులు మిగలవు. చెడిపోయిన కొసను విరుగుడు మందు బాగుచేయలేదు; అందుకే అది ఎంత త్వరగా అందితే అంత మేలు. ఆ బాలుడు ఎన్నో దినాలు యంత్రమిచ్చిన ఊపిరితో జీవించాడు. నాడి కొసలు మరల కోలుకున్న తరువాతనే స్వయంగా శ్వాసించాడు.

మిత్రులారా, ఈ పాఠం పరీక్షలో మార్కులకు మాత్రమే కాదు. నేలపై పడుకున్నవారికి తెల్లవారి రెప్పలు వాలితే, కాటు గుర్తు కనిపించకపోయినా, క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చండి. మీ మీ గ్రామాలలో నలుగురికీ ఈ మాట చెప్పండి.