మనుమలతో సాగర్ నీళ్ళ వెంట



సెలవులకు మనుమలు వస్తే వ్యాను మాట్లాడుకొని దూరపు ఊళ్ళు చూపించాలని ఆశపడతాము. మంచిదే. అయితే మొదటి రోజును మన ప్రాంతానికే ఉంచండి. పొద్దున్నే సూర్యాపేటలో బయలుదేరి, 65వ జాతీయ రహదారి మీద కోదాడ చేరండి. అక్కడ పిల్లలకు టిఫిను పెట్టించి, హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు మళ్ళండి. దారిలో సాగర్ ఎడమ కాలువ నీళ్ళు పారే చోట కాసేపు ఆగండి. పిల్లల చేయి మాత్రము వదలకండి.

1967లో సాగర్ నీళ్ళు కాలువలకు వదిలారు. ఆ నీళ్ళు రాకముందు మబ్బు కోసం ఎదురుచూసిన రోజులు మీలో కొందరికి జ్ఞాపకమే. మిర్యాలగూడ బియ్యపు మిల్లులు చూపించి ఆ సంగతి చెప్పండి. పట్నంలో పెరిగే బిడ్డ బియ్యము దుకాణములోనే పుడుతుందనుకుంటాడు. దూరపు ఊళ్ళు వాళ్ళు పెద్దయ్యాక చూసుకుంటారు. తాత నోటి మాట అప్పుడు దొరకదు.