నాలుగో ఏడాది లాభం

పాత లాప్‌టాప్ కొంటే సగానికి సగం మిగులుతుందని అందరూ అంటారు. బిల్లు చూస్తే నిజమే అనిపిస్తుంది. మా ఆఫీసు ఖర్చుల పుస్తకం మాత్రం వేరే సంగతి చెబుతోంది. అసలు మిగులు కొన్న రోజున రాదు. మూడేళ్లు నిండాక కూడా ఆ సిస్టమ్ చెక్కుచెదరకుండా పనిచేస్తే, నాలుగో ఏడాదిలో వస్తుంది. చిన్న ఆఫీసు నడిపే ప్రతి ఒక్కరూ ఈ లెక్క ఒకసారి వేసుకోవాలని నా కోరిక.

ఖమ్మంలో మాది చిన్న అకౌంట్స్ ఆఫీసు. పత్తి, మిర్చి, కిరాణా వ్యాపారుల పద్దులు ట్యాలీలో ఎక్కిస్తాం, జీఎస్టీ రిటర్నులు వేస్తాం, ఇన్‌కమ్ ట్యాక్స్ పనులు చూస్తాం. నాతో కలిపి నలుగురం. 2022లో సిస్టములన్నీ మార్చాల్సి వచ్చినప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. కొత్త బిజినెస్ లాప్‌టాప్ ఒక్కోటి 65,000 రూపాయలు, నాలుగింటికి 2,60,000. కంపెనీలు వాడి తీసేసిన అదే తరగతి లాప్‌టాప్ ఒక్కోటి 28,000. నేను రెండో దారిలో వెళ్లాను. అయితే నాలుగు కాదు, ఐదు కొన్నాను. ఐదోది స్పేర్. దాంతోపాటు ఒక్కో సీటుకు 6,000 చొప్పున 24,000 రూపాయలు రిపేర్ల కోసం విడిగా ఒక రికరింగ్ డిపాజిట్‌లో పెడుతూ వచ్చాను. మొత్తం 1,64,000.

ఇప్పుడు నెలవారీ లెక్క చూడండి. కొత్తది ఐదేళ్లు నడుస్తుందనీ, మధ్యలో బ్యాటరీకీ చిన్నాచితకా పనులకూ 5,000 అవుతుందనీ అనుకుంటే ఒక్కో సీటుకు నెలకు 1,167 రూపాయలు. మా పాతవి మూడేళ్లకే మూలపడితే నెలకు 1,139. అంటే తేడా 28 రూపాయలు! ఇంత తిరుగుడుకీ, ఇంత జాగ్రత్తకీ అది ఫలితమే కాదు. అవే నాలుగేళ్లు నడిస్తే నెలకు 854కి దిగుతుంది. అప్పుడు నాలుగు సీట్ల మీద ఏడాదికి 15,000 మిగులుతుంది. కొత్తవి కొనకపోవడం వల్ల చేతిలో ఉండిపోయిన 96,000 రూపాయల సంగతి దీనికి అదనం. అప్పు చేసి కొంటే 14 శాతం వడ్డీ లెక్కన ఆ సొమ్ము మీద ఏడాదికి 13,000 పైనే కట్టాల్సి వచ్చేది.

కాబట్టి పాతది కొనడంలో అడగాల్సిన ప్రశ్న ‘ఎంతకిస్తావు’ అన్నది కాదు, ‘ఇంకా ఎన్నేళ్లు పనిచేస్తుంది’ అన్నది. పాడి గేదెను కొనే రైతు ధర కంటే ముందు ఎన్నో ఈత అని అడిగేది అందుకే.

సరుకు ఎక్కడి నుంచి వస్తుంది

పెద్ద కంపెనీలు లాప్‌టాప్‌లను మూడు నాలుగేళ్ల లీజు మీద తీసుకుంటాయి. గడువు కాగానే అన్నీ ఒకేసారి మార్చేస్తాయి. అలా బయటికొచ్చిన లాట్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే అందరూ సీటీసీ అనే చోటికి చేరతాయి. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ ల్యాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ ఈ బాపతు సరుకు. ఇవి ఇంటి వాడకానికి చేసే చవక లాప్‌టాప్‌ల లాంటివి కావు. 2018 నాటి థింక్‌ప్యాడ్ టీ480, ల్యాటిట్యూడ్ 5490, ఎలైట్‌బుక్ 840 జీ5 మూడింటిలోనూ ర్యామ్‌కు రెండేసి స్లాట్లు ఉంటాయి. అడుగు మూత విప్పితే ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ, ఫ్యాన్ చేతికందుతాయి. ఏ స్క్రూ ఎక్కడ విప్పాలో చెప్పే సర్వీస్ మాన్యువల్‌ను కంపెనీయే అందరికీ ఉచితంగా ఇస్తుంది. ఒకే మోడల్ వేల సంఖ్యలో అమ్ముడైంది కాబట్టి కీబోర్డు, హింజ్, ఛార్జర్ లాంటి విడిభాగాలకు ఇబ్బంది లేదు. నాలుగో ఏడాదికి పునాది ఇదే.

ఐదూ ఒకే మోడల్ కొనడం నేను తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికంటే ఎక్కువ కలిసొచ్చింది. ఒకదాని ఛార్జర్ ఇంకోదానికి సరిపోతుంది. ఒకదాని ర్యామ్ తీసి ఇంకోదాంట్లో పెట్టి తప్పు ఎక్కడుందో అక్కడికక్కడే తేల్చుకోవచ్చు.

కొట్లో ఏం చూడాలి

“ఏ గ్రేడ్ పీస్ మేడమ్, ఒక్క గీత కూడా లేదు” అంటారు. గ్రేడ్ అన్నది పైరూపానికి ఇచ్చే మార్కు. మనకు కావలసింది లోపలి సంగతి.

మొదటిది ప్రాసెసర్ జనరేషన్. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్, ఆపైన ఉండాలి; టీపీఎమ్ 2.0 సెక్యూరిటీ చిప్ ఉండాలి. ఐ5-8350యూ అని ఉంటే గీత తర్వాతి 8 అంకె ఎనిమిదో జనరేషన్ అని అర్థం. ఒకే మోడల్ పేరుతో ఏడో జనరేషన్ సరుకు కూడా తిరుగుతుంది, అందుకని సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ పేరు మన కళ్లతో చదువుకోవాలి. 2022లో ఆరో, ఏడో జనరేషన్ లాప్‌టాప్‌లు మా వాటికంటే చాలా తక్కువకు దొరికాయి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఆ రోజుతో వాటి ఆయుష్షు కుదించుకుపోయింది; మావి ఉచితంగా విండోస్ 11కి మారాయి. మా నాలుగో ఏడాది నిలబడింది ఈ ఒక్క అంకె వల్లే. క్లయింట్ల పాన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచే సిస్టమ్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు రాకపోతే, అది ఎంత బాగా నడిచినా దాన్ని ఆఫీసులో ఉంచకూడదు.

రెండోది తాళాలు. విండోస్ కంటే ముందు తెరుచుకునే బయాస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడాలి. పాస్‌వర్డ్ అడిగితే ఆ పీస్ పక్కన పెట్టేయాలి. తర్వాత విండోస్‌ను రీసెట్ చేయించి, వైఫై కలిపి, మొదటి స్క్రీన్ వచ్చేదాకా ఆగాలి. పాత యజమాని కంపెనీ పేరుతో లాగిన్ అడిగిందంటే వాళ్ల రికార్డుల్లోంచి ఆ యంత్రాన్ని ఇంకా తీసేయలేదన్నమాట. వాళ్లు తీసేసేదాకా అది మన సొంతం కాదు.

మూడోది బ్యాటరీ, ఎస్‌ఎస్‌డీ. powercfg /batteryreport అనే కమాండ్ ఇస్తే తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం పక్కపక్కనే కనబడతాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యాన్ని శాతంలో చెబుతుంది, ఎన్ని గంటలు నడిచిందో కూడా చూపిస్తుంది. బ్యాటరీ సగానికి పడిపోయిందంటే కొనొద్దని కాదు, కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించుకోమని అడగాలి. చివరగా టెస్టింగ్ వారంటీ ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకోవాలి. నోటిమాటకు విలువ లేదు.

బిల్లు కూడా డబ్బే

ఇది నా వృత్తికి సంబంధించిన విషయం, గట్టిగా చెబుతాను. బిల్లు లేకుండా 26,000, జీఎస్టీ బిల్లుతో 28,000 అన్నప్పుడు చాలామంది మొదటి దానికే మొగ్గుతారు. మీరు జీఎస్టీలో రిజిస్టరై ఉండి, మీ వ్యాపారం కోసం కొంటుంటే, 28,000లో ఉన్న 18 శాతం పన్ను, అంటే 4,271 రూపాయలు ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. మీకు పడే ధర 23,729. బిల్లు లేనిదే ఖరీదైనదని తేలింది కదా. అయితే పాత సరుకును మార్జిన్ పద్ధతిలో, అంటే తన లాభం మీద మాత్రమే పన్ను కట్టి అమ్మే వ్యాపారి బిల్లుతో ఇంత క్రెడిట్ రాదు. ఏ పద్ధతో ముందే అడగాలి.

కంప్యూటర్ల మీద ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 40 శాతం డిప్రిసియేషన్ ఉంది, అది సెకండ్ హ్యాండ్ వాటికీ వర్తిస్తుంది. కొన్న ఏడాదిలో 180 రోజుల కంటే తక్కువ వాడితే ఆ ఏడాదికి సగమే. ఒక వ్యక్తికి ఒకే రోజు 10,000 మించి నగదు ఇచ్చి కొంటే ఆ మొత్తాన్ని ఆస్తి విలువలో కలపనివ్వరు. అందుకే చెల్లింపు బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో జరగాలి.

పాతది కొనకూడనివి

హార్డ్ డిస్కు సెకండ్ హ్యాండ్‌లో ఎప్పుడూ కొనను. అది ఎప్పుడు ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు, ఆగిపోతే పోయేది మూడు వేల వస్తువు కాదు, ఒక వ్యాపారి ఏడాది పద్దు. లాప్‌టాప్‌తో వచ్చిన ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం తక్కువగా కనబడితే కొత్తది వేయిస్తాను. యూపీఎస్ కూడా పాతది వద్దు. అందులోని లెడ్ యాసిడ్ బ్యాటరీ రెండు మూడేళ్లే బతుకుతుంది. అసలు లాప్‌టాప్‌లు ఎంచుకోవడానికి ఒక కారణం ఇదే: కరెంటు పోతే సొంత బ్యాటరీ మీద పని సాగుతుంది, యూపీఎస్ ఖర్చే ఉండదు. పాత ర్యాక్ సర్వర్లు ఆశ పుట్టించే ధరకు దొరుకుతాయి. నలుగురి ఆఫీసుకు వాటి చప్పుడూ కరెంటు బిల్లూ బరువే. ట్యాలీ డేటా పంచుకోవడానికి ఆ అవసరం లేదు.

ప్రింటర్ విషయంలో మాత్రం పాతదే మేలు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, కెనాన్ ఎల్‌బీపీ 2900 లాంటివి ఇప్పటికీ ఎన్నో ఆఫీసుల్లో పనిచేస్తున్నాయి. లేజర్‌జెట్ 1020లో వాడే 12ఏ టోనర్ సుమారు 2,000 పేజీలు ఇస్తుంది. ఊళ్లోనే రీఫిల్ చేస్తారు. కాగితం లాగకపోతే పికప్ రోలర్, అచ్చు చేత్తో రుద్దితే చెదిరిపోతుంటే ఫ్యూజర్‌లోని టెఫ్లాన్ మార్పిస్తే మళ్లీ దారిలో పడుతుంది.

ఆయుష్షు పెంచే పనులు

మా ఊరి ఎండకూ దుమ్ముకూ లాప్‌టాప్ ఫ్యాన్ త్వరగా పూడుకుపోతుంది. ఏటా వేసవికి ముందు మూత విప్పించి దుమ్ము దులిపిస్తాం, అవసరమైతే ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ మారుస్తాం. వేడి తగ్గితే వేగం పడిపోదు, ఫ్యాన్ అరిగిపోదు. లాప్‌టాప్‌లు రోజంతా ఛార్జర్‌కే తగిలించి ఉంటాయి కాబట్టి బయాస్‌లో గానీ కంపెనీ ఇచ్చే ప్రోగ్రామ్‌లో గానీ ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టాం. నిండుగా ఛార్జై వేడిలో ఉండటమే బ్యాటరీకి పెద్ద శత్రువు. ర్యామ్‌ను 8 నుంచి 16 జీబీకి పెంచడంతో కొత్తది కొనాలన్న మాటే మా ఆఫీసులో వినబడటం మానేసింది.

ప్రతి సాయంత్రం ట్యాలీ బ్యాకప్ ఒక బయటి డిస్కులోకి, ఒక క్లౌడ్‌లోకి వెళుతుంది. స్పేర్ లాప్‌టాప్‌లో అన్ని ప్రోగ్రాములూ వేసి అప్‌డేట్లు చేస్తూ సిద్ధంగా ఉంచుతాం. నెలనెలా రిటర్ను వేసేవాళ్లకు 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీ గడువు. ఆ రోజుల్లో ఒక సీటు ఆగితే క్లయింటుకు రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను మీద 18 శాతం వడ్డీ. 28,000 పెట్టి ఖాళీగా ఉంచిన ఆ యంత్రం దండగ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మమ్మల్ని నమ్ముకున్నవాళ్లకు అది ఇన్సూరెన్స్.

ఈ నాలుగేళ్లలో రిపేర్ల నిధిలో ఎక్కువ భాగం బ్యాటరీలకే ఖర్చయింది. నిధి ముందే ఉండటం వల్ల ఏ రిపేరూ ఆ నెల జీతాల్లోంచి తీయాల్సి రాలేదు. పాతది కొన్నప్పుడు మిగిలిన తేడా మొత్తాన్ని లాభమనుకుని ఖర్చు చేసేస్తే, మొదటి బ్యాటరీ పోయిన రోజే ‘పాతది కొని మోసపోయాం’ అనిపిస్తుంది. ఆ తేడాలో కొంత యంత్రానిది. దాని వాటా దానికి ఇచ్చినవాళ్లకే నాలుగో ఏడాది దక్కుతుంది. అంత ఓపిక, అంత క్రమం మీ ఆఫీసులో ఉంటే నిస్సంకోచంగా పాతవి కొనండి. లేకపోతే వారంటీతో కొత్తవే కొనుక్కోండి, నెలకు 28 రూపాయల తేడాతో ఆ నిశ్చింత మీకు చవకే.