మంగళజోడిలో పక్షుల కావలి

మా బరంపురం వాళ్ళకు చిలిక కొత్త గాదు. ఖుర్దారోడ్డు వైపు రైలెక్కినవాడల్లా రంభ దగ్గర కిటికీకి అంటుకుని, బాలుగాఁవ్ దాకా నీళ్ళు చూస్తూ కూర్చుంటాడు. కాని ఆ సరస్సుకు ఉత్తరపు కొసన, రెల్లుదుబ్బుల నడుమనున్న మంగళజోడి చూచినవారు మనలో తక్కువ. కిందటి పుష్యమాసంలో సమాజ మిత్రులం నలుగురం బాలుగాఁవ్‌లో దిగి, బస్సుమీద టాంగి చేరి, అక్కడ ఆటో మాట్లాడుకుని వెళ్ళాము.

అక్కడివి మోటారు లేని పడవలు. వెదురుగడ వేసి తోస్తారు. మా పడవ నడిపినాయన అరవై దాటినవాడు. మేము "మవుసా" అని పిలవగానే మొగం విప్పారింది. బారెడు దూరంలో సూదితోక బాతులు, బాపనబాతులు, బొల్లికోళ్ళు. తల వెనుక రెండు నల్లపట్టెలున్న పెద్దబాతులు కొంచెం ఎడంగా. ఇవి హిమాలయాల మీదుగా ఎగిరి వస్తాయంటే, టాంగి బస్సులో నడుములు విరగ్గొట్టుకున్న మాకు సిగ్గువేసింది.

ఒకప్పుడు ఈ ఊరు వేటగాళ్ళ ఊరు. విషం పెట్టీ, తుపాకీ పేల్చీ పక్షుల్ని చంపి అమ్మేవారు. 2000లో శ్రీశ్రీ మహావీర పక్షి సురక్షా సమితి ఏర్పడి, ఆ వేటగాళ్ళే కావలివాళ్ళయ్యారు. మవుసా కూడా ఆ పాత బాపతే. "ఏ పిట్ట ఎక్కడ పడుకుంటుందో చంపినవాడికే తెలుస్తుంది, బాబూ" అన్నాడు నవ్వకుండానే.

కొంత దూరం పోయాక గడ ఆపాడు. రెల్లు మొదట్లో ఒక బొల్లికోడి వెల్లకిల తేలుతోంది. మాలో ఒకరు చెయ్యి చాపబోతే గడ అడ్డం పెట్టాడు. ఫోను తీసి అటవీశాఖ కావలివానికి చోటు చెప్పాడు. ఒక్కటి చస్తే ముసలితనమో, గద్ద దెబ్బో కావచ్చు. ఒకేచోట నాలుగైదు కనబడితే మాత్రం పశువుల డాక్టరు రావలసిందేనట. రోజుకు ఎన్ని చచ్చినవి చూశాడో సాయంత్రం కావలివానికి చెబుతాడట. బర్డ్‌ఫ్లూ మీద దేశం పెట్టిన పహరాకు మొదటి మెట్టు ఇదేనని అప్పుడు తోచింది.

ఈ పహరా ఊరికే పెట్టింది కాదు. 2005లో చైనాలోని చింగ్‌హై సరస్సులో ఈ పట్టెతల బాతులే వేలకొద్దీ చచ్చాయి. 2021 జనవరిలో హిమాచలంలోని పోంగ్ జలాశయంలోనూ అంతే. అవి ఎక్కడనుండి ఎక్కడికి పోతున్నవో తెలుసుకుందామని 2008 డిసెంబరులో మన చిలికలోనే కొన్ని పక్షుల వీపులకు ఉపగ్రహానికి కబురందించే చిన్న యంత్రాలు తగిలించి వదిలారు.

పరీక్ష సంగతి. కోడి గొంతులో ఒక దూదిపుల్ల, మలద్వారంలో ఒకటి తిప్పి, వైరసు చెడకుండా కాపాడే ద్రవమున్న చిన్న సీసాలో ముంచుతారు. అడవిపక్షుల్ని పట్టడం కష్టం గనుక వాటి తాజా రెట్టలు, చచ్చిన కళేబరాలు తీసుకుంటారు. అన్నీ మంచులో పెట్టి పంపాలి. దారిలో మంచు కరిగితే శ్రమంతా గంగపాలు. ఒడిశాలో ఈ పనులు చూచే సంస్థ కటకం దగ్గర ఫుల్‌నఖరాలో ఉంది. కాని "ఇది బర్డ్‌ఫ్లూయే" అని ఖాయం చేయవలసినది భోపాలులోని జాతీయ ప్రయోగశాల. అక్కడినుండి అవునని వస్తే, రోగం పుట్టినచోటు చుట్టూ ఒక కిలోమీటరు మేర కోళ్ళన్నిటినీ చంపి పూడుస్తారు. పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు.

తప్పంతా వలసపక్షులదే అని మన అరుగులమీద ఒక మాట ఉంది. మేము ఒప్పుకోము. 2024లో పూరీ జిల్లా పిపిలిలో కోళ్ళకు ఈ రోగం బయటపడి వేలాది కోళ్ళను చంపవలసి వచ్చింది ఆగస్టులో. చలికాలపు బాతులు చిలికకు దిగేది అక్టోబరు దాటాక! బాతులు తేవని కాదు. ఆ రెట్టలు పడ్డ నీళ్ళు ప్రమాదమే. కాని ఫారం నుండి ఫారానికి తిరిగే లారీలు, గుడ్ల అట్టలు, సంత బుట్టలు, మనుషుల చెప్పులు కూడా రోగాన్ని మోస్తాయి. వాటిని ఎవరూ వేలెత్తి చూపరు.

ఒడ్డుకు వచ్చాక మవుసా ఇంట టీ తాగాము. పెరట్లో పది కోళ్ళు. ఆయన భార్యను అడిగాము: "ఇవి జబ్బుపడితే చెబుతావా, మావుసీ?" ఆమె వెంటనే బదులు చెప్పలేదు. సర్కారు చంపించిన కోడికే పరిహారం; అంతకు ముందే చచ్చినదానికి పైసా రాదు. ఒక కోడి తూగుతుంటే మన కొక్కెర తెగులో, బర్డ్‌ఫ్లూయో చూపుతో తెలియదు, సీసా భోపాలు వెళ్ళి రావాలి. ఈలోగా మిగిలినవి అమ్ముకుంటే నాలుగు డబ్బులు. "చెబితే ఊళ్ళో అందరి కోళ్ళూ పోతాయి. అందరూ నన్నే తిడతారు" అన్నది చివరకు. మవుసా నేలచూపులు చూశాడు.

2025 ఫిబ్రవరిలో తణుకు పక్క వేల్పూరులో ఈ రోగమే అని తేలినప్పుడు, మాలో ఒకరి వియ్యంకులూ ఇదే చెప్పారు: అంతకుముందు వారాల తరబడి కోళ్ళు చస్తూనే ఉన్నాయట. పరిహారం రోజుల్లో చేతికందితే, చచ్చినవాటికీ ఎంతో కొంత ముడితే, మావుసీ నోరు తెరుస్తుందని మా ఉద్దేశం. దూదిపుల్లలు ఎన్ని కొన్నా, నోరు మెదపని ఇంటికి అవి చేరవు.

వెళ్ళదలచిన వారికి: నవంబరు నుండి ఫిబ్రవరి వరకు మంచిది, తెల్లవారకముందే రేవు చేరాలి. చచ్చిన పిట్టను ముట్టవద్దు. తిరిగివచ్చాక చెప్పులు సబ్బునీళ్ళతో కడిగి, ఆ తరువాతే మీ పెరటి కోళ్ళగూటి దగ్గరకు పోండి. మేము టాంగిలో బస్సెక్కేముందు బోరింగు దగ్గర వరుసగా నిలబడి చెప్పులు కడుగుతుంటే, టీ కొట్టువాడు మమ్మల్ని గుడికి పోయే బాపతనుకుని దారి చెప్పబోయాడు.