కొండకు పోవు దారులు



సూళ్లూరుపేటలో రైలు దిగి, మబ్బులేని ఉదయమున పడమటి దిక్కు చూచినయెడల, వరిమళ్లకు ఆవల నీలముగా ఒక కొండవరుస కనబడును. తూర్పున పులికాటు సరస్సు, దానికవతల శ్రీహరికోట. పడమట ఈ కంబాకము కొండలు. ఈ రెంటి నడుమ మన పల్లెలును, మన చిన్న దేవాలయములును ఉన్నవి. 1865లో జర్మనీ దేశపు హెర్మన్స్‌బర్గు మిషనువారు సూళ్లూరుపేటలో సువార్తపని ఆరంభించిన దినములలోను ఈ కొండలు ఇట్లే యుండెను. జిల్లాల హద్దులు మాత్రము మారినవి. సత్యవేడు ప్రాంతము 1960లో చెంగల్పట్టు నుండి చిత్తూరులో చేరెను. సూళ్లూరుపేట 2022లో నెల్లూరును విడిచి తిరుపతి జిల్లాలోనికి వచ్చెను. కొండలు ఈ సంగతి ఎరుగవు.

ఇవి గొప్ప కొండలు కావు. కంబాకము దుర్గము రెండున్నర వేల అడుగుల యెత్తు. తిరుమల అంతకంటె ఎత్తయినది. అయితే చిన్న కొండయని తేలికగా చూచువానికే ఎక్కువ అపాయము గనుక, దాని దారులనుగూర్చి నేడు మీతో మాటలాడగోరుచున్నాను. మన యౌవనస్థుల కూటములు ఏటేట ప్రార్థనకని అక్కడికి పోవుచున్నవి. శని ఆదివారములలో చెన్నపట్టణము నుండియు గుంపులు వచ్చుచున్నవి. వారు దీనిని తడ జలపాతమందురు. మనవారి పేరు ఉబ్బలమడుగు. తడ నుండి శ్రీకాళహస్తికి పోవు దారిలో వరదయ్యపాళెము చేరి, అక్కడనుండి అడవి వైపు తిరుగవలెను. అటవీశాఖవారి కాపలా దగ్గర అనుమతి పొంది లోపలికి పోవలెను.

మొదటిది బండిదారి. వెడల్పుగా, చదునుగా, చెట్లనీడలో సాగును. ముసలివారును నడువగలరు. నేరేడు, ఉసిరి, మద్ది చెట్లు, వేసవి మొదటిలో కలేకాయలు. వాగు ప్రక్కనే పలుకుచుండును. నన్నడిగినయెడల, ప్రార్థనకు ఇంతకంటె మంచి స్థలము పైన ఎక్కడను లేదు. ఎంత పైకి పోయిన దేవుడు అంత సమీపమగునని కొందరు తలంతురు గాని, 121వ కీర్తన చదివి చూడుడి. కొండలవైపు కన్నులెత్తినవాడు తనకు సహాయము కొండలనుండి వచ్చుననలేదు. వాటిని చేసినవానియొద్దనుండి వచ్చుననెను.

గట్టుమీది దారి మరియొకటి కలదు. కట్టెలవారు, తేనెకు పోవువారు నడచి ఏర్పరచినది. ముండ్లు, ఎండ, నీరు లేదు. ఎర్రచందనము దొంగల మూలముగా అటవీశాఖవారు గట్టిగా కాచుచున్నారు గనుక, అనుమతి లేనివాడు అటు పోరాదు. దానిని ఇంతటితో విడిచెదను.

వాగుదారి సంగతి మాత్రము కొంత విరివిగా చెప్పవలెను. బండిదారి ముగిసినపిమ్మట దారి యనునదే లేదు. వాగే దారి. ఏనుగులంత బండలమీద ఎక్కుచు, దిగుచు, ఒక మడుగు దాటి మరియొక మడుగు చేరుచు పోవలెను. చివరకు మూడువందల అడుగుల యెత్తునుండి నీళ్లు పడుచుండును. చూచినవారు మరువలేరు. ప్రాణములు పోవుట కూడ ఈ దారిలోనే.

ఎందుచేతనో వినుడి. మన పల్లె పిల్లలు చెరువులో ఈత నేర్చినవారు. చెరువు అడుగు మెల్లమెల్లగా లోతగును. మోకాలి లోతు, నడుము లోతు, మెడ లోతు, ఇట్లు కాలికి తెలియుచుండును. కొండమడుగు అట్లు కాదు. ఒక అడుగు బండమీద, రెండవ అడుగు బావిలో. నీటి క్రింద బండలున్నవి. పైనుండి దూకినవాని తల వాటికి తగులును. ఒడ్డు బండలు పాచితో నున్ననైయుండును గనుక, లోపల పడినవానికి పట్టు దొరకదు. చెరువులో మంచి ఈతగాడని పేరు పొందినవాడే ఇక్కడ ముందు దిగును.

ఇక వర్షము. మనకు ఈశాన్య ఋతుపవనము అక్టోబరు మొదలుకొని డిసెంబరు వరకు వచ్చును. సరిగా ఆ నెలలలోనే జలపాతము అందముగా ఉండును, పిల్లలకు సెలవులును దొరకును. పైన శిఖరముమీద వాన కురియును; క్రింద మడుగుదగ్గర ఎండ కాయుచుండును. రాతికొండ నీటిని ఇంకనియ్యదు. అన్ని ప్రక్కల నీళ్లు ఒకే ఇరుకు లోయలోనికి దిగును. నీరు ఉన్నట్టుండి ఎర్రబారినను, ఆకులు పుల్లలు కొట్టుకొని వచ్చినను, పైనుండి హోరు వినబడినను, అన్నమూటలు చెప్పులు వెదకుచు నిలువరాదు. అప్పుడే ఒడ్డెక్కి పైకి పోవలెను. ఆ లోయలో చాలచోట్ల సెల్లుఫోను పలుకదు. యోబు తన స్నేహితులను వాగుతో పోల్చెను. మంచు దినములలో నిండి, దాహముగొన్నవాడు వచ్చునప్పటికి ఎండిపోవు వాగది. మన కొండవాగును అటువంటిదే. మే నెలలో నీళ్లు దొరకునని నమ్మిపోయినవాడు దాహముతో తిరిగివచ్చును.

కొంతకాలము క్రిందట మా ప్రక్క సంఘపు యౌవనస్థుడొకడు ఈ కొండలలోని ఒక మడుగులో చనిపోయెను. తాను సరదాకు దిగలేదు. జారిపడిన స్నేహితుని పట్టుకొనబోయి దిగెను. స్నేహితుడు బ్రతికెను. భూస్థాపన దినమున అయ్యగారు, స్నేహితునికొరకు ప్రాణము పెట్టు ప్రేమనుగూర్చి వాక్యము చెప్పిరి. అందరము ఏడ్చితిమి. అది తగిన వాక్యమే.

తరువాత సంఘపెద్దలు కూడి, ఇక మీదట మన పిల్లలెవరును కొండకు పోగూడదని తీర్మానింపబోయిరి. ఒకరిద్దరు మాత్రము ఊరకుండిరి. అప్పుడు ఆ పిల్లవాని తల్లి స్త్రీల వరుసలో నుండి లేచెను. ఆమె కూటములో మాటలాడునది కాదు.

“అయ్యగారూ, ఆ పొద్దు ప్రేమను గురించి చెప్పినారు. మా అబ్బోడికి ప్రేమ ఉండిందయ్యా. తాడు లేకపోయింది. పదునైదు మంది పోయినారే, ఒకరి చేతనన్నా తాడుండిందా? వద్దంటే పిల్లోళ్లు మానుకుంటారా? మీకు చెప్పకుండా పోతారు. దారి తెలిసినోళ్లని ముందర పెట్టి పంపించండి.”

ఎవరును చాలసేపు మాటలాడలేదు. ఆమె చెప్పినది కొందరు పెద్దలకు రుచింపలేదని నేనెరుగుదును. దుఃఖములోనున్న స్త్రీ మాటయని ఒకరు అనిరి. నా మట్టుకు, ఆ దినమున ఆ గదిలో అందరికంటె స్పష్టముగా ఆలోచించినది ఆమెయే.

లోకములో మరియొక దేశపువారును ఈ పాఠమునే నేర్చిరి. నార్వేవారు మనలో అనేకులవలె లూథరు సంఘస్థులు. వారికి కొండనడక పిల్లలప్పటి నుండి అలవాటు. 1868లో ఏర్పడిన వారి కొండనడక సంఘమువారు దారి పొడుగున రాళ్లు పేర్చి, వాటిమీద ఎర్రరంగుతో ‘టి’ అక్షరము వ్రాసి గుర్తులు పెట్టుచున్నారు. 1967 ఈస్టరు సెలవులలో అక్కడి కొండలమీద అనేకులు చనిపోయిరి. ఆ దేశము కొండలను మూసివేయలేదు. కొండకు పోవువాడు పాటింపవలసిన నియమములను ఇంటింట నేర్పెను. వేళకు వెనుకకు తిరుగుమనియు, తిరుగుటలో సిగ్గు లేదనియు వాటిలో ఒకటి. మన పిల్లలకు చెప్పుటకు ఇదే మిక్కిలి కష్టమైనది. జలపాతము ఇంక అరమైలున్నదనగా వెనుకకు తిరుగువానిని తోటివారు పిరికివాడందురు.

రూపాంతరపు కొండమీద పేతురు దిగనొల్లక పర్ణశాలలు కట్టుదమనెను. ప్రభువు దిగివచ్చెను. క్రింద మూర్ఛరోగియైన కుమారునితో ఒక తండ్రి కనిపెట్టుకొనియుండెను. ఎక్కుట ఎంత ముఖ్యమో, దిగి ఇల్లు చేరుట అంత ముఖ్యమని ఆ కథ చదివినప్పుడెల్ల నాకు తోచును. అలసిన కాళ్లు, వాలిన పొద్దు, ఇంటి ధ్యాస కలిసి దిగునప్పుడు మనుష్యుని జారవేయును.

ఆ పెద్దలు తుదకు తీర్మానమును మార్చిరి. డిసెంబరు యాత్ర మానివేసి, నీరు తగ్గియుండు ఈస్టరు మరునాటి సోమవారమున పోవలెననిరి. ఇద్దరు శిష్యులు ఎమ్మాయునకు నడచిన కథను మన ఆలయములలో తలచు దినమది. బండిదారి చివరనున్న చెట్లక్రిందనే ఆరాధన. ఆ పైకి పోగోరువారు పదిమందికి మించక, వాగు ఎరిగిన యానాది తాత వెనుక నడువవలెను. మడుగులో ఎవరును దిగరాదు. ఎవడైనను పడినయెడల రెండవవాడు దూకక తాడు విసరవలెను. తాడందకపోతే పంచెలు ముడివేసి విసరవలెను. మధ్యాహ్నము రెండు గంటలకు, ఎక్కడ ఉన్నను, జలపాతము కనబడినను కనబడకున్నను, వెనుకకు తిరుగవలెను.

మొదటి సోమవారమున తెల్లవారకముందే గుంపు దేవాలయముయొద్ద చేరెను. ఆ తల్లి వచ్చి, తన బావిలోని చేదతాడు విప్పి తెచ్చి తాతకిచ్చెను. తాత దానిని చేతులతో లాగి చూచి, ఇరువదినాలుగు మూరలని లెక్కించి, భుజమున వేసికొని ముందు నడచెను.